బంతికి దూరంగా వెళ్లడం నేర్పాలి: కొత్త పిల్లలతో వాటర్ పోలో, మా అనుభవం

వాటర్ పోలో అంటే నీళ్లలో ఈదుతూ, బంతిని చేత్తో విసిరి గోలు కొట్టే ఆట. అది నేర్చుకోవడానికి మా దగ్గరికి వచ్చేది ఈత బాగా వచ్చిన పిల్లలే. 50 మీటర్ల ఫ్రీస్టైల్ ఆగకుండా కొడతారు, నీళ్లంటే భయం లేదు. అయినా మొదటి రోజు బంతి విసిరి ‘ఆడండి’ అంటే నిమిషం తిరగకముందే కొలనులో కనిపించేది ఒకటే దృశ్యం. బెల్లం ముక్క చుట్టూ ఈగల్లా అందరూ బంతి మీద మూగుతారు. ఒకరి భుజం మీద ఒకరు ఎక్కుతారు, నీళ్లు మింగుతారు, చివరికి బంతి ఎవరి చేతిలోనూ ఉండదు. ఏప్రిల్, మే నెలల వేసవి శిబిరంలో ఆరు వారాలపాటు మేం చేసిన పనంతా ఈ మూకను విడదీయడమే. పిల్లలు పద్నాలుగు మంది, వయసు 11 నుంచి 14. వారానికి ఐదు రోజులు, రోజుకు 75 నిమిషాలు. ఏ వరసలో నేర్పాం, ఏది ఎక్కడ బెడిసికొట్టింది, ఎందుకు బెడిసికొట్టింది అన్నదే ఇక్కడ రాస్తున్నాం.

క్రికెట్ నేర్పేవాళ్లకు ఒక వెసులుబాటు ఉంది. స్లిప్ ఎక్కడో, మిడాన్ ఎక్కడో పిల్లాడు టీవీలో చూసే వస్తాడు. వాటర్ పోలోలో మన దేశం 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో బంగారు పతకం గెలిచింది. అయినా ఇవాళ్టి మన పిల్లల్లో ఈ ఆట మ్యాచ్ ఒక్కటైనా చూసినవాళ్లు అరుదు. కాబట్టి ‘వింగ్‌లో ఉండు’, అంటే పక్క కొసన ఉండు, అని చెబితే వాళ్ల కళ్ల ముందు ఏ బొమ్మా రాదు. ఆ బొమ్మ గీయడం కూడా మన పనే.

ముందు కొలను సంగతి. పూర్తి ఆటకు ఒక జట్టులో ఏడుగురు: గోలు కాసే గోలీ, మరో ఆరుగురు. గోలు వెడల్పు 3 మీటర్లు, నీటి మట్టం నుంచి ఎత్తు 90 సెంటీమీటర్లు. మన ఊళ్లలో దొరికేది మామూలుగా 25 మీటర్ల ఈతకొలను. ఒక చివర లోతు నాలుగడుగులే. నిలువునా ఆడిస్తే లోతు తక్కువ వైపు ఉన్నవాడు అడుగున కాళ్లు ఆనించి నిలబడతాడు. ఒకసారి నిలబడటం మరిగాక వాడికి ఏ ఎత్తుగడా ఎక్కదు. ఆటలో అడుగు తాకడం ఎలాగూ తప్పే. అందుకని లోతు వైపు సగాన్ని అడ్డంగా తీసుకుని 15 మీటర్ల పొడవు, 12 మీటర్ల వెడల్పు ఆటస్థలం చేశాం. ఒక్కో వైపు నలుగురు ఆడటానికి అది సరిపోతుంది. గోలును 2 మీటర్లకు కుదించాం. కొత్త గోలీ ముందు 3 మీటర్ల గోలు పెడితే ఎక్కడి నుంచి విసిరినా పడుతుంది, ఇక పాస్ ఇవ్వాల్సిన అవసరమే వాళ్లకు కనిపించదు. ప్లంబింగ్ పైపులతో ఫ్రేము, దానికి పాత క్రికెట్ నెట్. పైపు కొసలకు మూతలు బిగించి జిగురు పెట్టకపోతే లోపలికి నీళ్లెక్కి ఫ్రేము వాలిపోతుంది, మొదటి రోజే అదయింది. గోలు గీత గట్టుకు కనీసం అర మీటరు ముందుండేలా చూసుకోవాలి, లేకపోతే గోలీ తల గట్టుకు తగులుతుంది.

నీళ్లలో దిగేముందు తనిఖీ రోజూ చేయాల్సిందే. గోళ్లు కత్తిరించుకున్నారా, మెడలో గొలుసు, చేతికి కడియం ఉన్నాయా అని చూడాలి. మన దగ్గర దీనికి తోడు మొలతాడు, తాయెత్తు. నీటి అడుగున ప్రత్యర్థి వేలు మొలతాడులో చిక్కితే ఇద్దరికీ గాయమే. తీయడానికి ఇంట్లో ఒప్పుకోకపోతే నడుముకు గట్టిగా ఆనేలా టేపు వేసి, బిగుతైన ఈత ట్రంకులు వేయించాం. ఇక కొబ్బరినూనె. తలకు పట్టించుకుని వస్తే టోపీ జారుతుంది, బంతికి జిడ్డంటుకుంటుంది, అది ఆ రోజంతా అందరి చేతుల్లోంచీ జారుతూనే ఉంటుంది. నియమావళి కూడా ఒంటికి నూనె, జిడ్డు ఒప్పుకోదు. సబ్బుతో స్నానం చేశాకే నీళ్లలోకి.

పురుషుల బంతి చుట్టుకొలత 68 నుంచి 71 సెంటీమీటర్లు, మహిళలది 65 నుంచి 67. రెండింటి బరువూ 400 నుంచి 450 గ్రాములే. ఈ వయసు పిల్లలకు చిన్నదే ఇవ్వాలి. గాలి కొంచెం తక్కువుండాలి, బొటనవేలితో నొక్కితే లోపలికి పోవాలి. రాయిలా ఉన్న బంతి తడి చేతిలో నిలవదు. ఒక్క చేత్తోనే పట్టాలన్న నియమం గోలీకి తప్ప అందరికీ ఉంది కదా.

ఎత్తుగడల్లో మేం మొట్టమొదట నేర్పింది పాస్ కాదు, ఒక నియమం. బంతి చేతిలో ఉన్నవాడి మీద పడొచ్చు. బంతి వదిలేసినవాడి మీద పడితే ఫౌల్. వాటర్ పోలోలో సగం తెలివి ఈ రెండు వాక్యాల్లోనే ఉంది. బంతిని గట్టిగా పట్టుకుంటే భద్రంగా ఉన్నట్టు కొత్తవాడికి అనిపిస్తుంది. జరిగేది తలకిందులు. పట్టుకున్నంతసేపూ వెనకవాడికి వాణ్ణి లాగే హక్కుంటుంది. బంతితో సహా నీళ్లలో మునిగితే, బంతిని ముంచినందుకు ఫౌల్ మళ్లీ వీడి మీదే. అదే బంతిని అర అడుగు ముందుకు వదిలి చేతులు పైకి చూపిస్తే, వెనకవాడు తాకీ తాకగానే విజిల్, ఫ్రీ త్రో (ఎవరూ అడ్డురాకుండా బంతి విసిరే హక్కు) మనది.

సాధన తేలిక. ఇద్దరిద్దరు జతలు. ఒకడు గోలుకు వీపు పెట్టి బంతితో, రెండోవాడు వెనక. కోచ్ ‘పట్టు’ అంటే బంతి చేతిలోకి, వెనకవాడు లాగొచ్చు. ‘వదులు’ అంటే బంతి నీళ్ల మీద, వెనకవాడు చేతులు తీసేయాలి. ఇరవై సెకన్లకోసారి మార్పు, ఆరు మార్లు. ఇది చేశాక రెండు తప్పులు బయటపడ్డాయి. కొందరు బంతిని మరీ దూరం, ఒక చెయ్యి పొడవు విసిరేస్తారు, వెనకవాడు చుట్టూ తిరిగి ఎత్తుకుపోతాడు. కొందరేమో ఫౌల్ దొరకగానే పని అయిపోయినట్టు విశ్రాంతి తీసుకుంటారు. ఫ్రీ త్రో వచ్చిన క్షణమే మిగతా ముగ్గురూ కదలాలి. అప్పుడు ఎదుటి జట్టు ఒక్క క్షణం ఆదమరుస్తుంది, పైగా బంతి ఉన్నవాణ్ణి ఎవరూ తాకలేరు. విజిల్ విన్నాక కదలని ప్రతి పిల్లాడి పేరూ అప్పటికప్పుడే పిలిచాం. వారం రోజుల్లో కదలిక అలవాటైంది.

తర్వాతే మూక సంగతి. ఇక్కడ మేం వారం రోజులు తప్పుదారిలో ఉన్నాం, వివరంగా చెప్పుకోవాలి. గట్టు మీద నిలబడి ‘దూరం దూరం, విడిపోండి’ అని అరుస్తూనే ఉన్నాం. విడిపోతారు, పది సెకన్లలో మళ్లీ దగ్గరికి చేరతారు. మాట వినట్లేదనుకున్నాం. కానీ పాసులు కొలిస్తే అసలు కారణం దొరికింది. వాళ్లలో సగం మంది నీళ్లలో నిలబడి మూడు నాలుగు మీటర్లకు మించి బంతి విసరలేరు. పాస్ అందదని పిల్లాడికి లోపల తెలుసు, అందుకే సాయంగా దగ్గరికొస్తాడు. అది బుద్ధి లోపం కాదు, కాళ్ల బలహీనత. కాళ్లు శరీరాన్ని పైకి లేపకపోతే చెయ్యి నీళ్లలో ఇరుక్కుంటుంది. ఇక భుజబలం ఎంతున్నా బంతి పోదు.

కాబట్టి ఎగ్‌బీటర్ మీద రోజూ పావుగంట. కుర్చీలో కూర్చున్నట్టు తొడలు నీటికి సమాంతరంగా, మోకాళ్లు దూరంగా పెట్టి, కింది కాళ్లను ఒకదాని తర్వాత ఒకటి ఎదురెదురు దిశల్లో గుండ్రంగా తిప్పడం. కప్పఈత వచ్చినవాళ్లు రెండు కాళ్లూ ఒకేసారి తంతారు. అప్పుడు పైకి లేస్తారు, వెంటనే కూలతారు, తల బంతిలా ఎగిరెగిరి పడుతుంది. ఎగ్‌బీటర్‌లో తల ఒకే ఎత్తులో ఉండాలి. మోచేతులు రెండూ నీటి పైన పెట్టి 30 సెకన్లు నిలవడం మా మొదటి పరీక్ష. తర్వాత బంతి తలమీద పెట్టుకుని అంతే సేపు. ఇది కుదిరేదాకా పాస్ దూరం 4 మీటర్లు, కుదిరాక 5, 6. కాళ్లతోపాటే ఆటస్థలంలో దూరాలు పెంచాం. అరవడం మానేశాం. మూక దానంతటదే పలచబడింది.

దూరాలు కంటికి కనిపించడానికి తేలే గుర్తులు వాడాం. ఖాళీ అయిదు లీటర్ల నూనె డబ్బాలు, మూత బిగించినవి, తాడుతో అడుగున బరువుకు కట్టి. మొదట ఇటుక కట్టాం. అది నానితే నీళ్లు ఎర్రబడతాయి, టైల్స్ గీసుకుపోతాయి. ఇసుక నింపి మూత బిగించిన రెండు లీటర్ల సీసా మేలు. తాడు లోతు కంటే అర అడుగు మాత్రమే ఎక్కువుండాలి, వదులుగా ఉంటే కాళ్లకు చుట్టుకుంటుంది. ఆట మొదలవకముందే అన్నీ తీసేయాలి. గుర్తులు నిలబడే చోట్లు చూపడానికే.

పూర్తి జట్టులో ఆ చోట్లు ఒక గొడుగులా ఉంటాయి. గోలు వైపు చూస్తే కుడి కొసన, గోలు నుంచి 2 మీటర్ల దూరంలో ఉండే గీతకు దగ్గరగా 1. దానికి పైన 5, 6 మీటర్ల దగ్గర 2. గొడుగు నడినెత్తిన, 7 మీటర్ల దూరంలో 3, దాన్నే పాయింట్ అంటారు. ఎడమవైపు 4, ఎడమ కొసన 5. కొసలనున్న 1, 5 చోట్లే వింగులు. గొడుగు కర్రలా గోలు ముందు 2, 3 మీటర్ల దూరంలో 6, అంటే సెంటర్. కుడిచేతివాటం వాళ్లకు ఎడమవైపు, 4, 5 చోట్లలో గోలు బాగా తెరుచుకుంటుంది. ఎడమచేతివాటం పిల్ల ఒకర్తె దొరికితే కుడివైపు ఆమెదే, వాదన అక్కర్లేదు. గట్టు మీద ఇదంతా సోడా మూతలతో చూపించాం, తడి గచ్చు మీద చాక్‌పీసు నిలవదు కాబట్టి. నలుగురి ఆటలో సెంటర్ లేడు: రెండు వింగులు, ఒక పాయింట్, గోలీ. సెంటర్‌ను నాలుగో వారం దాకా కొలనులోకి రానివ్వలేదు. తొందరపడి పెడితే ప్రతివాడూ ప్రతి బంతీ సెంటర్‌కే విసురుతాడు, మళ్లీ అదే మూక, ఈసారి గోలు ముందు.

పాస్ నేర్పడానికి గోల్సు లేని ఆట బాగా పనికొచ్చింది. ముగ్గురికి ముగ్గురు, బంతి వరసగా ఐదు చేతులు మారితే ఒక పాయింటు. రెండో రోజు ఒక షరతు: ఇచ్చినవాడికే తిరిగి ఇవ్వకూడదు. మూడో రోజు ఇంకోటి: పాస్ ఇచ్చినవాడు రెండు బారలు వేసి చోటు మారాలి. ఈ రెండు షరతులతో పిల్లలు తమకు తామే బంతికి దూరంగా ఖాళీలోకి వెళ్లడం మొదలుపెట్టారు. దగ్గరికొచ్చినవాడికి ఎలాగూ పాస్ రాదు. ఈ దశలో పక్కవాడికే పాస్, ఎదుటి కొసకు వద్దన్నాం. వింగ్ నుంచి వింగ్‌కు పోయే పొడుగాటి పాస్ గాలిలో ఎక్కువసేపు ఉంటుంది, మధ్యలో ఉన్న ప్రతివాడికీ చెయ్యెత్తే తీరిక దొరుకుతుంది.

పక్కవాడు ఖాళీగా ఉంటే బంతి నీటిని తాకకుండా వాడి చేతికే రావాలి. ముఖానికి కాదు, విసిరే చేతి వైపు, చెవికి ఓ అడుగు పక్కన. వాడి మీద ఎవరైనా ఉంటే పాస్ నీళ్ల మీద పడాలి, కాపలావాడికి అవతలి వైపు, చేయి చాపితే అందేంత దూరంలో. ‘వాడు ఎటున్నాడో చూసి రెండో వైపు వెయ్యి.’ ఈ ఒక్క మాట ఆరు వారాల్లో కొన్ని వందలసార్లు అన్నాం.

ఇక నడుము. మిగతా ఆటల కోచ్‌లకు ఇది వింతగా తోచొచ్చు కానీ, వాటర్ పోలోలో ఎత్తుగడలన్నీ నడుము ఎత్తు మీద ఆధారపడతాయి. స్తంభంలా నిలువుగా ఉన్నవాడు ఈత మొదలుపెట్టాలంటే ముందు కాళ్లు వెనక్కి తేలాలి. ఆ లోపు ఎదుటివాడు ఒక శరీరం పొడవు ముందుంటాడు. నడుము పైకి తెచ్చి, వాలుగా తేలుతూ, చేతులతో నీటిని పక్కలకు తడుముతూ ఉన్నవాడు ఏ క్షణమైనా బయల్దేరగలడు. బంతి విసిరేటప్పుడు, అడ్డుకునేటప్పుడు మాత్రమే నిలువు. మిగతా సమయమంతా వాలు. కొత్తవాళ్లు దీన్ని తిరగేస్తారు, అలసిపోయినప్పుడు మరీను. ఆటలో ఎవరి మడమలు నీటి పైకి కనిపించట్లేదో చూస్తే చాలు, తర్వాతి గోలు ఎవరి మీదుగా పడుతుందో చెప్పేయొచ్చు.

రక్షణలో మనిషికి మనిషి పద్ధతే నేర్పాం. జోన్ పద్ధతి, అంటే మనిషిని కాకుండా చోటును కాపలా కాయడం, కొత్తవాళ్లకు బద్ధకం నేర్పుతుందన్నది మా అభిప్రాయం. గోలు ముందు అందరూ వెనక్కి చేరి చేతులెత్తి కూర్చుంటారు. కొందరు కోచ్‌లు ఒప్పుకోరు, వాళ్ల కారణాలు వాళ్లవి. మనిషికి మనిషిలో సూత్రం: నువ్వు కాపలా కాసేవాడికీ నీ గోలుకీ మధ్య ఉండు, ఒక కన్ను వాడి మీద, ఒక కన్ను బంతి మీద. వాడి దగ్గర బంతి లేకపోతే చెయ్యి పాస్ వచ్చే దారిలో. బంతి ఉంటే, కుడిచేత్తో విసిరేవాడికి నీ ఎడమచెయ్యి ఎదురు. ఒక్క చెయ్యే.

ఇక్కడ అందరూ చేసే తప్పు, బంతి ఉన్నవాడి మీదికి ఎగిరి దూకడం. దూకినవాడు నిలువవుతాడు. బంతి ఉన్నవాడు దాన్ని వెనక్కి లాగి పక్కకు ఒక బార వేస్తే చాలు, దారి ఖాళీ. దానికి మందుగా ఒక సాధన: కాపలావాడు చేతులు కట్టుకుని కాళ్లతోనే ఎదుటివాడి ముందు నిలవాలి, 15 సెకన్లు. చేతులు లేకపోతే దూకలేడు, కదలక తప్పదు. రెండో తప్పు ఇంకా ఖరీదైనది. తనను దాటిపోయినవాణ్ణి వెనక నుంచి కాలో భుజమో పట్టి లాగడం. దగ్గర బంతి లేనివాణ్ణి లాగితే కొలను బయటికి పంపిస్తారు. గోలుకు 6 మీటర్ల లోపల గోలు వైపు బంతితో ఈదుతున్నవాణ్ణి వెనక నుంచి అడ్డుకుంటే పెనాల్టీ. దాటిపోయాక లాగొద్దు, పక్కనుంచి ఈది మళ్లీ ముందుకు రా, రాలేకపోతే గోలీకి వదిలెయ్యి. ఓడిపోయిన చోట ఇంకో నష్టం తెచ్చుకోకుండా ఆగడం పిల్లలకు కష్టమే, పెద్దలకూ కష్టమే.

మూడో వారంలో ఎదురుదాడి. కొత్తవాళ్ల మ్యాచుల్లో ఎక్కువ గోల్సు ఇలాగే పడతాయి, అందుకే దీని మీద ఎక్కువ రోజులు పెట్టాం. బంతి చేతులు మారిన తర్వాతి మూడు నాలుగు బారల్లోనే తేలిపోతుంది. షాట్ కొట్టినవాడు బంతి ఎక్కడ పడిందో చూస్తూ ఉండిపోతాడు, వాడి కాపలాదారు అప్పటికే బయల్దేరి ఉంటాడు. దీనికోసం కోచ్ దగ్గర రెండో బంతి ఉంచుకున్నాం. ముగ్గురికి ముగ్గురు ఆడుతుండగా ఎప్పుడైనా విజిల్ వేసి, ఆటలోని బంతిని వదిలేసి, రెండో బంతిని అవతలి గోలీకి విసిరేస్తాం. విజిల్ వినగానే దాడి చేసేవాళ్లు కాపలాదారులు, కాపలాదారులు దాడి చేసేవాళ్లు. చూస్తూ ఉండిపోయినవాడికి తేడా తక్షణమే తెలుస్తుంది, మనం చెప్పనక్కర్లేదు.

బయల్దేరినవాళ్లు అందరూ నడిమధ్యన ఈదకూడదు. మొదటివాడు ఒక పక్కగా, రెండోవాడు రెండో పక్కగా, మూడోవాడు మధ్యలో కాస్త వెనకగా. గోలీ మొదటి పాస్ పక్కకు వెళ్తున్నవాడికి, గట్టు వైపు, మధ్యలోకి కాదు. అందుకునేవాడు వెల్లకిలా తిరిగి రెండు బారలు వేస్తూ బంతిని చూడాలి. తల నీళ్లలో పెట్టి గుడ్డిగా ఈదేవాడికి పాస్ ఇస్తే బంతి వెన్నుకు తగిలి ఎదుటివాళ్ల పాలవుతుంది. స్విమ్మింగ్ పోటీల నుంచి వచ్చిన పిల్లల్లో ఈ జబ్బు ఎక్కువ. వాళ్లు అందరికంటే ముందు చేరతారు, బంతి ఎక్కడుందో మాత్రం వాళ్లకే తెలియదు. తల ఎత్తి ఈదడం 15 మీటర్లు చొప్పున రోజూ ఎనిమిది సార్లు, వాళ్లకు అది తప్పనిసరి చేశాం.

ఇద్దరికి ఒక్కడు ఎదురైన చోట ఎలా ఆడాలన్నది విడిగా నేర్పాలి. బంతి ఉన్నవాడు ముందుగానే పాస్ ఇచ్చేస్తాడు, కాపలావాడు తీరిగ్గా రెండోవాడి మీదికి మళ్లుతాడు. మా మాట: వాడు నీ మీదికి వచ్చేదాకా గోలు వైపు ఈదుతూ ఉండు, రెండు మీటర్ల దూరంలోకి వచ్చాడా, అప్పుడు ఇవ్వు. వాడు రాకపోతే ఇవ్వనే వద్దు, నువ్వే కొట్టు. ఒంటరి కాపలాదారుకు కూడా ఒక మాట చెప్పి ఉంచాం. షాట్ గోలీది, పాస్ నీది. రెండూ నువ్వే ఆపాలనుకుంటే రెండూ పోతాయి.

నాలుగో వారం డ్రైవ్. అంటే 2 లేదా 4 చోటు నుంచి తన కాపలాదారును దాటి గోలు వైపు దూసుకెళ్లడం. ముందు పాస్ ఇచ్చేవాడితో చూపు కలవాలి. ఆపైన మూడు బలమైన బారలు. కాపలాదారు భుజాన్ని దాటితే వాడికీ గోలుకీ మధ్యకు వచ్చేసినట్టే, అప్పుడు తల తిప్పి చెయ్యెత్తాలి. పాస్ రాకపోతే అక్కడే ఉండకూడదు. ఇదే అసలు చిక్కు. దూసుకెళ్లినవాడు గోలు ముందు ఆగి ‘ఇవ్వు ఇవ్వు’ అంటాడు, తనతో తన కాపలాదారునూ అక్కడికే తెస్తాడు, ఖాళీగా ఉన్న చోటు కిక్కిరిసిపోతుంది. రెండు సెకన్లు చూసి, వింగ్ వైపు తప్పుకోవాలి. వాడు వదిలిన చోటులోకి పక్కవాడు ఒక అడుగు జరగాలి. ఒకసారికి ఒక్కడే డ్రైవ్, అదీ బంతికి దూరంగా ఉన్న వైపు నుంచి. ఖో-ఖో ఆడినవాళ్లకు ఇది త్వరగా ఎక్కింది: ఒకడు లేస్తేనే ఒకడు కూర్చోవాలి. పాయింట్ మాత్రం ఎప్పుడూ ఖాళీ కాకూడదు. అక్కడ ఎవరూ లేకపోతే పోయిన ప్రతి బంతీ ఎదుటివాళ్లకు గోలే.

ఇదంతా కుదిరాకే సెంటర్. గోలుకు వీపు పెట్టి, వెనక కాపలాదారును ఆనుకుని, మోకాళ్లు వెడల్పుగా. పాస్ నీళ్ల మీదికి, చాచిన చేతి ముందుకు. సాధారణంగా వింగ్ నుంచి ఇస్తే కోణం బాగుంటుంది. కాపలాదారు సెంటర్ ముందుకు వచ్చేస్తే పాయింట్ నుంచి ఇచ్చే పాస్ వాడి చేతికే పోతుంది, అప్పుడు బంతిని పక్కకు తిప్పి వింగ్ నుంచి చూడాలి. సెంటర్‌కు బంతి రాగానే రక్షణలో బంతికి దూరంగా ఉన్నవాడు ఒకటి రెండు మీటర్లు వెనక్కి జారి సాయం రావాలి, తన మనిషిని చూపు నుంచి వదలకుండా. సెంటర్ 2 మీటర్ల గీత లోపల బంతి కంటే ముందుగా ఉంటే ఫుట్‌బాల్‌లో ఆఫ్‌సైడ్ లాంటిదే, బంతి పోతుంది. వీపు వైపున్న గీత వాడికి కనిపించదు, గోలీకి ఎదురుగా ఉన్న పాయింటే హెచ్చరించాలి.

ఒకడు బయటికి పోయినప్పుడు ఆరుగురికి ఐదుగురు ఆడే పూర్తి అమరిక ఈ శిబిరంలో పెట్టలేదు. నలుగురికి ముగ్గురితో 20 సెకన్ల ఆట పెట్టాం. బంతి వేగంగా తిరగాలి, కాపలాదారు కదలక తప్పని పరిస్థితి రావాలి, ఖాళీ అప్పుడే పుడుతుంది. పిల్లలు మాత్రం 20 సెకన్లంటే కంగారుపడి మొదటి పాస్‌కే కొడతారు. కనీసం నాలుగు పాసుల తర్వాతే షాట్ అని షరతు పెడితే కుదురుకున్నారు. బయటికి పంపే సమయం, బంతి ఉంచుకునే సమయం, ఆటస్థలం కొలతలు, ఇవన్నీ నియమావళిలో మధ్యమధ్య మారుతుంటాయి. టోర్నమెంటుకు పేరిచ్చే ముందు ఆ ఏటి నియమావళి చదవాలి. మేం సాధనలో ఒక దాడికి 30 సెకన్లు పెట్టాం, గట్టు మీద ఒక పిల్ల వాచీ చూస్తూ చివరి పది సెకన్లు గట్టిగా లెక్కపెట్టేది.

మాటల విషయం. టోపీకి చెవుల మీద ప్లాస్టిక్ గిన్నెలుంటాయి, నీళ్ల చప్పుడు దానికి తోడు. పొడుగాటి వాక్యాలు లోపలికి పోవు. గోలీకి అయిదు మాటలిచ్చాం: ఎడమ, కుడి, వెనక్కి, చెయ్యి, వెళ్లు. మొత్తం కొలను కనిపించేది గోలీ ఒక్కడికే, వాడు మౌనంగా ఉంటే ముగ్గురూ గుడ్డివాళ్లే. సిగ్గుపడేవాణ్ణి గోలీగా పెట్టకపోవడం కాదు, అందరినీ వంతులవారీగా పెట్టాం. గోలు నుంచి ఒకసారి చూసొచ్చినవాడికి మూక అంటే ఏమిటో అర్థమవుతుంది. కోచ్‌కూ ఇదే వర్తిస్తుంది. ఆట ఆపి నీళ్లలో ఉన్నవాళ్లకు పాఠం చెప్పబోతే 20 సెకన్లకే కాళ్లు లాగేస్తాయి, ముఖాలు గట్టు వైపు తిరుగుతాయి. ఒక్క మాట చెప్పి ఆడించాలి. రెండు మాటలు చెప్పాలంటే గట్టు ఎక్కించాలి.

చివరి రెండు వారాలు ప్రతి అయిదు నిమిషాల ఆటకూ ఒక చీటీ రాశాం. బంతి ఎన్నిసార్లు పోయింది, ఎందుకు పోయింది. గళ్లు నాలుగే: పాస్ అందలేదు, బంతి ముంచాడు, ఎవరూ ఖాళీగా లేరు, వెనక నుంచి ఎత్తుకుపోయారు. మర్నాటి సాధన ఆ చీటీయే నిర్ణయించేది. మొదటి గడి నిండితే కాళ్లు, రెండోది నిండితే పట్టు-వదులు జతలు, మూడోది నిండితే ఐదు పాసుల ఆట. నాలుగో గడి నిండితే గోలీని మాట్లాడించాలి.